తగడూరు త్రోవలో కూడు

ధర్మపురి యన్నంతనే తెలుగు చదువుకొన్నవారి మనస్సు గోదావరీతీరమునకు పోవుట సహజము. లక్ష్మీనరసింహుడు వెలసిన ఆ ధర్మపురి తెలంగాణమున జగిత్యాల జిల్లాలోనిది. శేషప్పకవి నరసింహ శతకపు మకుటమున నిలిచిన ఊరు అదియే. మేమిచ్చట ప్రస్తావింప బూనిన ధర్మపురి వేఱు. ఇది తమిళనాట సేలమునకును కృష్ణగిరికిని నడుమ, కావేరికి తూర్పుదిక్కున, కొండల నడిమి మిట్టనేలలో నున్నది. దీని పూర్వనామము తగడూరు. 1965 అక్టోబరు 2వ తేదీన సేలము జిల్లానుండి వేఱుపడి ఇది ప్రత్యేకమైన జిల్లా యైనది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి, హోసూరు మొదలగు తాలూకాలు ఇందుండి విడివడి మఱియొక జిల్లాగా నేర్పడినవి. ఆ విభజనముతో తెలుగును కన్నడమును మిక్కుటముగా వినవచ్చు హోసూరు ప్రాంతము అవతలికి పోయినను, ఇవతల మిగిలిన ధర్మపురిలోను, పాలక్కోడులోను, పెన్నాగరములోను తెలుగిండ్లు కొల్లలుగా నున్నవి.

ఈ సీమలో మేము రెండు పర్యాయములు తిరిగితిమి. మామిడికాలమున ఒకసారి, ఆడిమాసమున ఒకసారి. గుళ్ళను చూచుటకు పోయినవారమే కాని, గుళ్ళను గురించి వ్రాసినవారు పలువురు కలరు. బాటప్రక్కల తోపుడుబండ్లమీదను, సంత మొగదలను, బస్‌స్టాండు అరుగులమీదను అమ్ముడుపోవు తిండిని గురించి వ్రాసినవారు అరుదు. కాబట్టి ఆ తిండిని కొంత తిని, కొంత చూచి, దాని పేర్లు వ్రాసికొంటిమి. అమ్మువారు చెప్పిన పేరొకటి. ఇండ్లలో మనవారు చెప్పిన పేరొకటి. ఆ రెండు వరుసల పేర్లే ఈ వ్యాసమునకు మూలము.

తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో తిండిని గురించి రెండు మాటలు తఱచుగా వినవచ్చును. ఇచ్చటి వీథులలో దొరకునది తమిళుల తిండి, మనది కాదు అనునది మొదటిది. ఇవన్నియు మన పెద్దలే విజయనగర కాలమున తెచ్చినారు, వీరు మనయొద్ద నేర్చినారు అనునది రెండవది. మొదటి మాట బిడియమువలన పుట్టినది; రెండవది డాంబికమువలన పుట్టినది. రెండింటికిని ఆధారము లేదు. ఈ నేలలో పండునది ఒక్కటే కాగా, దానిని తమిళులును, తెలుగువారును, కన్నడిగులును తలా ఒక పేరుతో పిలిచి తినుచున్నారు. ఎవరు ఎవరియొద్ద నేర్చిరను ప్రశ్నకంటె, ఎవరి పేరు ఎంతకాలము బ్రదికినది అను ప్రశ్న మనకు మిక్కిలి దగ్గఱిది.

తగడూరు చరిత్రయే ఒక తిండి కథతో మొదలగును. సంగమకాలమున ఈ ఊరిని ఏలినవాడు అదియమాన్ నెడుమాన్ అంజి. ఆయుస్సును పెంచు ఉసిరికాయ యొకటి దొరకగా తాను తినక అవ్వైయారు కవయిత్రికి ఇచ్చెనను గాథ తమిళదేశమున ప్రతి బాలునకును తెలియును. అంతగా ప్రచారములేని మఱియొక విషయము పురనానూరులోనే కలదు. అదియమాను పూర్వులు చెఱకును ఈ లోకమునకు తెచ్చిరని అవ్వైయారు కొనియాడెను. తెచ్చిన మాట నిజమో కవిప్రశంసయో యెట్లున్నను, రెండువేల యేండ్లనాడే ఈ సీమ పేరు చెఱకుతో ముడిపడియుండెనని దీనివలన స్పష్టము. ఆ ముడి నేటికిని వీడలేదు. పాలక్కోడులో సహకార చక్కెర కర్మాగారము కలదు. చెఱకు రసమును పెనములలో కాచి బెల్లము దింపువారు ఊళ్ళలో నింకను ఉన్నారు. వేసవిలో బాటప్రక్క చెఱకురసపు బండి కానరాని మలుపు లేదు. అల్లపుముక్కయు నిమ్మపండును నడుమ పెట్టి గడను మడిచి రెండవమారు గానుగకు పెట్టుట చూచుచు నిలుచున్నపుడు, అవ్వైయారు మాట మాకు జ్ఞప్తికి వచ్చినది. ఉసిరికాయయు నట్లే, ఉప్పునీటిలో నానవేసి జాడీలలో పెట్టి బడిపిల్లలకు అమ్ముచున్నారు. ఆయుస్సు సంగతి వారికి పట్టదు. తినినపిమ్మట నీళ్ళు త్రాగిన తీయగా నుండునను సంగతియే పిల్లలకు ముఖ్యము.

మనవారి రాక యెప్పటిది? దీనికి ఒక తేదీ చెప్పబూనుట అవివేకము. తొమ్మిది పది శతాబ్దులలో తగడూరు నోళంబుల యేలుబడిలో నుండెను. వారి రాజధాని హేమావతి. అది నేటి ఆంధ్రప్రదేశమున మడకశిర దాపున నున్నది. అనగా వేయేండ్లనాడే ఒకే పాలనలో రాయలసీమ అంచును తగడూరును ఇమిడి యున్నవన్నమాట. విజయనగరపు చివరి దినములలో, పదునాఱవ శతాబ్ది తుదిపాదమున, పెనుగొండ రక్షణమున పేరుగన్న జగదేవరాయలు ఈ బారామహలు సీమను, చన్నపట్నపు సీమను పొంది యేలెను. ఆయన వెంటను, ఆయనకు ముందును వెనుకను, సిపాయిలు, సేద్యగాండ్రు, నేతవారు, వర్తకులు ఈ మిట్టలెక్కి వచ్చిరి. వారు వచ్చిన త్రోవయే నేటి బెంగుళూరు సేలము రాజమార్గమునకు ఇంచుమించు పూర్వరూపము. వచ్చినవారు క్రొత్త నేలకు రాలేదు. తాము విడిచివచ్చిన నేలవంటి నేలకే వచ్చిరి. ఎఱ్ఱమన్ను, చెఱువు, వానకై యెదురుచూపు, రాగి చేను. పెనుగొండ క్రింద తినినదియే తగడూరులోను తినిరి. కాబట్టి ‘తెచ్చితిమి’ అని చెప్పుకొనుటకు వారికి అవసరమే కలుగలేదు.

రాగులను గురించి కొంచెము నిలిచి చెప్పవలెను. తమిళనాట రాగిపంటకు పేరుపొందినవి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలే. తెలుగునాట దీనికి మూడు పేర్లు కలవు: ఉత్తరాంధ్రమున చోళ్ళు, తెలంగాణమున తైదలు, రాయలసీమలో రాగులు. ధర్మపురి తెలుగిండ్లలో మేము చోళ్ళను మాట గాని తైదలను మాట గాని వినలేదు, అంతటను రాగులే. తమిళమున కేళ్వరగు అను చక్కని పేరున్నను, ఇచ్చటి తమిళులును రాగి యనుచునే యున్నారు. పిండిని ఎసటిలో పోసి కెలికి ముద్దచేసినది తమిళులకు కళి, కన్నడిగులకు ముద్దె, మనకు సంగటి. నూకలు ముందుగా ఉడికించి, అందుపై పిండిని కుప్పగా పోసి, కట్టెతో నడుమ గుంటచేసి, మూతపెట్టి ఉడుకనిచ్చి, పిమ్మట రెండు కాళ్ళనడుమ కుండను ఇఱికించుకొని ఉండలు కట్టకుండ కెలుకు విధానము మూడిండ్లలోను ఒక్కటే. నంజుకొనునదియు దాదాపు ఒక్కటే. ఎనిపిన ఆకుకూర, ఉలవకట్టు, మాంసము తినువారికి కోడికూర. అన్నమువలె దీనిని నమలరాదు, మ్రింగవలెనను ఉపదేశమును మూడు భాషలలోను పిల్లలకు చెప్పుదురు.

సంగటి ఇంటి తిండి. బాటకు వచ్చునది అంబలి. ఎండ ముదిరిన మాసములలో ఉదయము ఎనిమిది గంటలకే ధర్మపురి బస్‌స్టాండు చుట్టును కుండల బండ్లు నిలుచును. రాగిపిండిని ముందునాటి రాత్రి నానబెట్టి పులియనిచ్చి, నూకలతో కాచి, చల్లార్చి, మజ్జిగ పోసి పలుచచేసి చెంబుతో పోయుదురు. దానితో చిన్న యుల్లిపాయలు, చల్లమిరపకాయలు, మామిడికాయ ముక్క, గోరుచిక్కుడు వరుగులు నంజుకొనుటకు పళ్ళెములో పెట్టుదురు. బండిమీద దాని పేరు ‘కూళ్’. మేము తమిళమున అడిగి, తెలుగున ఆలోచించుచు త్రాగుచుండగా ఒక సంగతి తట్టినది. ఈ తమిళ కూళ్, మన కూడు రెండును ఒక్క మాటయే. తమిళమున చివర నున్న ప్రత్యేకాక్షరము తెలుగున డకారమగుట భాషాశాస్త్రజ్ఞులు తేల్చిన విషయము. వారి కోళి మన కోడి యైనట్లే, వారి కూళ్ మన కూడైనది. వారు జావకు నిలిపికొన్న పేరును మనము తిండియంతకును వాడితిమి. తరువాత సంస్కృతపు అన్నమును పీటపై కూర్చుండబెట్టి, కూడును తక్కువమాటగా చేసితిమి. నేడు మన యిండ్లలో ‘కూడు తిందువా’ యని అతిథిని అడుగువారు లేరు. బండివాడు మాత్రము గొంతెత్తి ఆ మాటనే కేకవేసి అమ్ముచున్నాడు.

ఈ మాట తెలుగున గౌరవముతో నిలిచిన చోటు ఒకటి కలదు: పూటకూళ్ళ యిల్లు. వెల యిచ్చి బాటసారి తినిన భోజనమునకు మన సాహిత్యమున పేరుగాంచిన సాక్ష్యము క్రీడాభిరామము. మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులు తిరుగుచు, పూటకూళ్ళ యింట ఒక రూకకు దొరకు భోజనపు పదార్థములను చెప్పుకొందురు. ఊరు తిరుగుచు తిండి వెదకు వ్రాతలు ఈ కాలపు వేడుకలని తలంచువారు ఆ గ్రంథమును ఒకమారు చూడవలెను. వెల పుచ్చుకొనక పెట్టు తిండికి సాక్ష్యము ఆముక్తమాల్యద. 1509 మొదలు 1529 వఱకు ఏలిన కృష్ణదేవరాయలు శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుని యింట బాటసారులకు ఏ ఋతువున నేమి వడ్డించిరో వివరించెను. వానకాలమున వరుగులు, వడియములు. వేసవిలో పలుచని అంబలి, చెఱకురసము, లేత కొబ్బరినీరు, నీరుమజ్జిగ. తమిళదేశపు కథను చెప్పు తెలుగు కావ్యమున ఐదువందల యేండ్లనాడు వ్రాసిన వేసవి వడ్డనలో సగము నేడు ధర్మపురి బస్‌స్టాండు చుట్టు నిలిచిన బండ్లమీద నున్నది. లేత కొబ్బరినీటికి రాయలవారు వాడిన మాటయు తమిళపు ‘ఇళనీర్’కు చుట్టమే. లేనిది మిరపకాయ. అది పోర్చుగీసువారి వెంట సముద్రము దాటి వచ్చినది. రాయలవారి చలికాలపు కూరలలో కారము మిరియములదే. నేటి సాయంకాలపు మిరపకాయ బజ్జీని ప్రాచీన ఆంధ్ర వంటకమని సభలలో ఎవరైన వక్కాణించినచో, ఈ సంగతి మెల్లగా చెవిన వేయవచ్చును.

ఊరక పెట్టు తిండికిని, వెలకు అమ్ము తిండికిని నడుమ ఈ బాటలమీద పెద్ద మార్పు వచ్చినది. దక్షిణమున రాణి మంగమ్మవంటి వారు సత్రములు కట్టించిరి. ఎల్లెడల వర్తకులును పుణ్యార్థులును చలిపందిళ్ళు వేయించిరి. బాటసారి మూటలో పులిహోర గాని, పెరుగన్నము గాని, సద్దిరొట్టె గాని యుండెడిది. చింతపండు పులుసు అన్నమును ఒకటి రెండు దినములు చెడకుండ కాపాడును గనుకనే పులిహోర గుడికిని బాటకును తగిన తిండి యైనది. ఈ సీమలో బాటల కిరువైపుల చింతచెట్లకు కొదువ లేదు. 1792లో టిప్పుసుల్తానుతో సంధి జరిగి బారామహలు ఈస్టిండియా కంపెనీకి పోయినది. కెప్టెన్ రీడు క్రింద సహాయకుడుగా వచ్చిన థామస్ మన్రో 1799 వఱకు ఈ సీమలో పనిచేసి, ధర్మపురిలో నివసించి తోట పెంచుకొనెను. వారు జరిపించిన విచారణల ఫలితముగా పంటలు, జనులు, సుంకములు వీనిని గురించిన వివరములు బారామహలు రికార్డులను పేర అచ్చైనవి. మన్రో తరువాత దత్తమండలములకు కలెక్టరై, పిదప మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో మరణించెను. తిరుమలలో నైవేద్యమునకు వాడు ‘మన్రో గంగాళము’ పేరు మనవారికి తెలియనిది కాదు. ధర్మపురి తోటలో మొదలైన ఆ మనుష్యుని పేరు వెంకటేశ్వరుని వంటశాలలో నిలుచుట చిత్రమైన సంగతి.

బాటమీద తిండి లేని కాలమును ఒకటి రెండు మాటలలోనైన చెప్పకతప్పదు. 1876లో ధాత సంవత్సరమున మొదలై 1878 వఱకు సాగిన మహాక్షామమున సేలము జిల్లా మిక్కిలి దెబ్బతినినది. అన్నము వెదకుచు బాటలు పట్టినవారు బాటలమీదనే రాలిపోయిరి. రాగులకు ఇండ్లలో పెద్దలు చూపు గౌరవమునకు మూలము అచ్చట నున్నది. రాగి గింజ తేలికగా పురుగు పట్టదు. పాతరలో పోసి కప్పిన ఏండ్లకొలది నిలుచును. ‘పాతరలో రాగులున్న యిల్లు’ అను మాట కలిమిని తెలుపుటకు ముసలివారి నోట ఇప్పటికిని వినవచ్చును. కఱవుల బెడదయున్న సీమలకు రైళ్ళు వేయవలెనను తలంపుతో వచ్చిన చిన్న పట్టాల రైలు 1906లో మొరప్పూరునుండి ధర్మపురికి చేరినది. 1913లో హోసూరు వఱకు సాగినది. 1941లో, యుద్ధకాలమున, తీసివేయబడినది. రైలు పోయినను స్టేషను వెలుపల మొలచిన కాఫీ, ఇడ్డెన, వడ అమ్ము అలవాటు పోలేదు, బస్‌స్టాండునకు తరలినది.

ఇక సాయంకాలపు వీథి. నాలుగు గంటలు దాటునప్పటికి నూనె మూకుళ్ళు పొయ్యినెక్కును. ఇచ్చట ముఖ్యముగా చూడవలసినది సేలమునుండి వచ్చిన ‘తట్టువడ సెట్టు’. బియ్యపుపిండితో తట్టి వేయించిన పెళుసైన చిన్న బిళ్ళలు రెంటి నడుమ, కోరిన క్యారెట్టు, బీట్‌రూటు, ఉల్లిపాయలను పెట్టి, కారపు పచ్చడియు పుదీనా పచ్చడియు పూసి ఇచ్చుదురు. ఒక్క గుక్కలో నోట వేసికొనవలెను; కొఱికినచో చొక్కా పాడగును. ఈ తట్టువడ మనవారి చెక్కయే. తట్టుట యను క్రియ తమిళమున నున్నట్లే తెలుగునను ఉన్నది. పండుగకు ముందునాడు ముసలమ్మలు గుడ్డమీద తట్టి ఆరవేసి డబ్బాలలో దాచిన చెక్క, సేలము వీథిలో రెండు పచ్చళ్ళు పూసికొని క్రొత్త వేషమున నిలుచున్నది. దానిప్రక్కన బొరుగుల మసాలా. కోస్తాలో మరమరాలు, రాయలసీమలో బొరుగులు, తమిళమున పొరి, కన్నడమున పురియో మండక్కియో. ధర్మపురి తెలుగిండ్లలో బొరుగులను మాటయే వింటిమి. బొబ్బట్టు సంగతియు నట్లే: రాయలసీమలో ఓళిగ, తెలంగాణమున భక్ష్యము, కన్నడమున ఒబ్బట్టు లేక హోళిగె, తమిళమున పోళి. ఇచ్చటి మనవారిలో కొందఱు ఓళిగ యందురు, కొందఱు ఒబ్బట్టందురు. సంగటి, బొరుగులు, ఓళిగ అను మాటలు మూడును ఒకే దిక్కును, పెనుగొండ, మడకశిర, చిత్తూరుల దిక్కును చూపుచున్నవి. శాసనమువలె ఇది రుజువు కాదు. ఇంటి కాగితములు చెదలుపట్టిన కుటుంబములకు మాత్రము ఈ మాత్రపు జాడయు గొప్పదే.

పెన్నాగరము బాటలో, సంతదినమున, గుంతల పెనముమీద పిండిపోసి కాల్చుచున్న ఒక పెద్దామె బండియొద్ద నిలిచితిమి. బండిమీద తమిళమున పణియారమని వ్రాసియుండెను. మాలో మేము తెలుగున మాటలాడుకొనుట విని ఆమె తల యెత్తి, “ఏం సామీ, మనోళ్ళా మీరు?” అని అడిగెను. అవునంటిమి. “ఇంట్లో దీన్ని ఏమంటారమ్మా?” అని అడిగితిమి. “పొంగణాలే. మా యమ్మ అనేది, నేనూ అంటా. బజార్లో పొంగణాలంటే ఎవురు కొంటారు సామీ?” అని నవ్వి, పుల్లతో ఒక్కొక్కదానిని త్రిప్పివేయుచుండెను. ప్రక్కన చిల్లర లెక్కపెట్టుచున్న మనుమరాలిని చూపి, “దీనికి పణియారమే తెలుసు” అనెను. ఆ పిల్ల మావంక చూచి ఎన్ని ప్లేట్లని తమిళమున అడిగినది.

ఆమె చెప్పినదానిలో తప్పుపట్టవలసినది ఏమియు లేదు. బజారున అమ్మువాడు కొనువాని భాషలో కేకవేయవలెను. ఓరుగంటి పూటకూళ్ళవారైనను అదియే చేసియుందురు. చిక్కు బజారులో లేదు, ఇంటిలో నున్నది. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు సుమారు 42 లక్షలు. వారిలో తెలుగు చదువనేర్చిన పిల్లలు ఎందఱో మన సభ్యులకు తమ యిండ్లు చూచికొన్న చాలును. 2006లో వచ్చిన చట్టమువలన ఒకటవ తరగతి మొదలుకొని తమిళము తప్పనిసరియైనది. ఉన్నచోట ఉన్న భాషను చక్కగా నేర్చుట మేలే, మేమును నేర్చితిమి. దానితోపాటు తెలుగు బడులు కృశించుటచే, అక్షరము లేక నోటితోనే బ్రదుకవలసిన గతి మన భాషకు పట్టినది. అట్లు నోటితో బ్రదుకు భాష చివరివఱకు పట్టుకొనియుండునవి మూడే: చుట్టఱికపు పిలుపులు, తిట్లు, తిండి పేర్లు. పొంగణము పణియారమైన యింట తరువాత పోవునది ఏదియో ఊహింపవచ్చును.

ఈ చోట మన సంఘములకును కొంత పాలు కలదు. ఉగాదినాడు మనము విందు చేయునపుడు ‘ఆంధ్ర భోజనము’ అని చీటిలో వ్రాయించి, గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, ఆవకాయ, పప్పుపొడి వడ్డింపించుచున్నాము. మంచి భోజనమే, మాకును ఇష్టమే. ఐనను అది గుంటూరు, కృష్ణ సీమల వంట, హోటలు బోర్డులద్వారా తెలుగువారందఱి వంటగా పేరు తెచ్చుకొన్నది. ధర్మపురి తెలుగింటి ముసలమ్మ ఆ పంక్తిలో కూర్చుండి, తాను జీవితమంతయు వండిన సంగటి, ఉలవకట్టు, సామలన్నము, ఎనిపిన ఆకు తెలుగు తిండి కాదేమోయని తలవంచుకొనవలసిన పని లేదు. రాగులు బీదల తిండి యని కొన్నాళ్ళు మన వారే దాచిరి. చౌకధరల దుకాణములలో బియ్యము దొరకుటతో ఊళ్ళలోను పొలములలోను రాగి వెనుకబడెను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేడే తమిళనాడు ప్రభుత్వము నీలగిరి, ధర్మపురి జిల్లాలలో చౌక దుకాణములద్వారా రాగులిచ్చుటకు పూనుకొన్నది. పట్టణపు హోటళ్ళలో నేడు రాగి సంగటి మాంసపు పులుసుతో కలిపి గొప్ప వెలకు అమ్ముచున్నారు. దాచినవారే ఇప్పుడు బారులుతీరి కొనుచున్నారు. వచ్చు ఉగాది పంక్తిలో ఒక్క సంగటిముద్దను, దాని పేరు తెలుగున వ్రాసిన చీటితో, వడ్డింపుడని మా మనవి.

మామిడికాలపు ముచ్చట ఒకటి చెప్పి ముందుకు పోవుదము. ధర్మపురి, కృష్ణగిరి సీమలలో విరివిగా కాచు కొనదేరిన కాయను తమిళులు చిలుకముక్కు అను అర్థమిచ్చు కిళిమూక్కు అను పేరుతోను, వ్యాపారులు బెంగుళూరా, తోతాపురి అను పేర్లతోను పిలుతురు. చిత్తూరు ప్రాంతమువలెనే ఇచ్చటను దీనిని గుజ్జు తీయు కర్మాగారములకు బండ్లకొలది తోలుదురు. బండ్లమీద మాత్రము పచ్చికాయను పూవురేకులవలె కోసి, ఉప్పు కారము చల్లి ఇచ్చుదురు. ఆంధ్రదేశమున ఈ కాయ పేరు కలెక్టరు కాయ. దీనికిని మన్రో దొరగారికిని చుట్టఱికము కల్పింపవలదని చమత్కారప్రియులకు విన్నపము.

ఈ జిల్లాలో ప్రయాణము హొగెనకల్లుతో ముగియవలెను. ఏలన బాటయు అచ్చటనే కావేరిని తాకి ఆగును. హొగె యనగా కన్నడమున పొగ, కల్లు రాయి. తమిళుల పుగై, మన పొగ, కన్నడిగుల హొగె ఒక్క మాటకే మూడు రూపములు. కన్నడమున పకారము హకారమగుట మనకు తెలిసినదే, మన పాలు వారికి హాలు. జలపాతపు తుంపరలు పొగవలె లేచు ఆ బండలమధ్య గుండ్రని తెప్పలలో జనులు తిరుగుదురు. ఆ తెప్పను తమిళులు పరిసల్ అందురు, కన్నడిగులు హరిగోలు అందురు. తెలుగున దానికి పుట్టియనియు, హరిగోలనియు రెండు పేర్లు. ఆడి పదునెనిమిదవ దినమున ఏటికి పసుపు కుంకుమలు సమర్పించి, చిత్రాన్నము, పులిహోర, పెరుగన్నము ఇసుకపై కూర్చుండి తినువారితో ఒడ్డు నిండిపోవును. మేము పోయినది ఆ జాతరకు మఱునాడు.

ఏటి ఒడ్డున చేపలు అమ్ముచోట ఒక చిత్రమైన ఏర్పాటు కలదు. పట్టి తెచ్చిన చేపను బాటసారి తానే ఏరి కొనును. దానిని అచ్చట పొయ్యిలు పెట్టుకొన్న వంటకత్తెలలో ఒకరికి ఇచ్చును. ఆమె దానిని కడిగి, గాట్లు పెట్టి, కారము పసుపు ఉప్పు పట్టించి, పెనముమీద వేయించియో, పులుసు పెట్టియో, కావలెనన్న సంగటియో అన్నమో వండియో ఇచ్చును. వస్తువు మనది, వంట ఆమెది. కూలి మాత్రము పుచ్చుకొనును. శాకాహారులైన మా మిత్రులు సామలును కూరగాయలును కొనిపోయి వండించుకొనిరి. వంటకత్తె వేఱు పెనము వెదకి తెచ్చి పెట్టినది. ఓరుగంటి పూటకూళ్ళ యింటికి ఇంతకంటె దగ్గఱి చుట్టము మాకు మఱియెచ్చటను కానరాలేదు. ఆ వంటకత్తెలలో తమిళము పలుకువారు, కన్నడము పలుకువారు, ఇంటిలో తెలుగు పలుకువారును కలరు. బేరము మూడు భాషలలోను సాగును. చేప ముల్లు గుచ్చుకొన్నపుడు మాత్రము ఎవరి యింటి మాట వారి నోట వచ్చును. చీకటిపడి ఆఖరి పుట్టి ఒడ్డునకు చేరిన పిమ్మటనే పొయ్యిలు ఆర్పుదురు.